98 అని రాస్తే మార్కులు పోతాయా?

సైన్స్ రికార్డులో ఉద్దేశం, పరికరాలు, విధానం అయ్యాక ‘పరిశీలన’ అని ఒక హెడ్డింగు వస్తుంది. దాని కింద పిల్లలు రాసేది చాలావరకు వాళ్లు కళ్లతో చూసింది కాదు. పాఠంలో ఉన్నది, లేకపోతే గైడులో ఉన్నది, అదీ కాకపోతే పక్క బెంచీ అమ్మాయి రికార్డులో ఉన్నది. ఇది అందరికీ తెలిసిన రహస్యమే. రాసే పిల్లలకు తెలుసు, దిద్దే మాకు తెలుసు, ప్రాక్టికల్స్‌కి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి ఇంకా బాగా తెలుసు. నేను హైదరాబాద్ శివార్లలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను కాబట్టి ఈ మాట ఎక్కడో గట్టు మీద కూర్చుని అనట్లేదు. పిల్లలకు పరిశీలించడం రాదని స్టాఫ్‌రూముల్లో తెగ వాపోతుంటాం గానీ, వాళ్లకు చూడటం బాగానే వచ్చు. చూసింది చూసినట్టు రాయకూడదని నేర్పింది మనం.

నీళ్లు మరిగించే ప్రయోగమే తీసుకోండి. సిలబస్‌లో ఇంతకంటే తేలికైనది ఉండదు. బీకర్‌లో నీళ్లు, కింద మంట, స్టాండుకు వేలాడదీసిన థర్మామీటర్, నిమిషానికోసారి రీడింగ్. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైనే ఉంది. ఇక్కడ గాలి పీడనం తీరంలో కంటే తక్కువ కాబట్టి నీళ్లు 100కి చేరకుండానే, సుమారు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పైకి వెళ్లేకొద్దీ మూడొందల మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుందని లెక్క. విశాఖలో బీచ్ పక్కన బడిలో 100 వస్తే అరకులో సుమారు 97 వస్తుంది. మొన్నమొన్నటిదాకా రెండూ ఒకే జిల్లా.

ఇప్పుడు మా పిల్లలు ఏం చేస్తారంటే, థర్మామీటర్ వైపు చూస్తూ ఉంటారు, 90, 94, 96, 97 అని గబగబా పెరుగుతుంది, 98 దగ్గర ఆగిపోతుంది. కాసేపు ఆగుతారు. మంట కొంచెం పెంచుతారు. కదలదు. మొహమొహాలు చూసుకుంటారు. “టీచర్, ఇది పాడైపోయినట్టుంది, వేరేది ఇస్తారా?” అని ఒకడు లేస్తాడు. వేరేది ఇస్తే అది 97న్నర దగ్గర ఆగుతుంది. కాసేపటికి వాళ్లలో వాళ్లే ఒక ఒప్పందానికి వస్తారు, రికార్డుల్లో చివరి రీడింగ్ అందరిదీ 100. ఒకవేళ ఎవరో మొండి పిల్ల 98 అనే రాస్తే దాని చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి పక్కన 100 అని దిద్దిన రికార్డులు కూడా నేను చూశాను. ఆ పిల్ల ఇక జన్మలో 98 అని రాయదు కదా.

ఆ ఒక్క అంకె మార్చడం వల్ల ఎంత పోయిందో చూడండి. మొదటిది, గాలి పీడనానికీ మరిగే ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధం పోయింది, అంటే ప్రెషర్ కుక్కర్ ఎందుకు పనిచేస్తుందో పోయింది. రెండోది ఇంకా పెద్దది: మంట పెంచినా పాదరసం కదల్లేదు. కింద అంత వేడి ఇస్తుంటే అదంతా ఎక్కడికి పోతోంది? గుప్తోష్ణం (ఉష్ణోగ్రత పెంచకుండా నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చయ్యే వేడి) అనే పాఠం మొత్తం ఆ ప్రశ్నలోంచే పుడుతుంది, ఆ ప్రశ్న పిల్లాడి కళ్ల ముందే ఉంది, వాడు దాన్ని చూశాడు కూడా, చూసి థర్మామీటర్ పాడైందనుకున్నాడు. ఎందుకంటే పుస్తకానికీ తన కంటికీ తేడా వస్తే తప్పు ఎప్పుడూ తన వైపే ఉంటుందని ఆరో తరగతి నుంచీ అలవాటైపోయింది.

అలాగని థర్మామీటర్ ఏం చెప్తే అదే వేదం అని కూడా అనట్లేదు. నిజంగా పాడై ఉండొచ్చు, బడులకు వచ్చే సరుకు సంగతి మనకు తెలియంది కాదు. అది తేల్చుకోవడానికి ఒక దారి ఉంది: ఐసుముక్కలు కొట్టి, అవి కరుగుతున్న నీళ్లలో పెట్టి చూడటం. సున్నా చూపిస్తే కనీసం ఆ చివర సరిగ్గానే ఉన్నట్టు. సున్నా బదులు ఒకటో, మైనస్ ఒకటో చూపిస్తే అది కూడా రాసుకోవాలి. గొట్టం బల్బు బీకర్ అడుగుకి తగులుతోందా, కన్ను రీడింగ్‌కి సమానంగా ఉందా, కిందనుంచి చూస్తున్నామా. ఇవన్నీ పరిశీలనలో భాగమే. నమ్మాలా వద్దా అని తన చేత్తో తేల్చుకున్నాక పిల్లాడికి 98 మీద ఎక్కడలేని ధైర్యం వస్తుంది. అప్పుడు ఎవరు దిద్దినా ఊరుకోడు.

ఇంకో సంగతి. ‘నీళ్లు ఎప్పుడు మరిగాయి’ అంటే బుడగలు రాగానే అని రాస్తారు. ఇంట్లో అన్నానికి ఎసరు పెట్టే అమ్మమ్మను అడిగితే అలా చెప్పదు. ముందు గిన్నె గోడలకు సన్నటి బుడగలు అంటుకుంటాయి, అవి నీళ్లలో కరిగి ఉన్న గాలి బయటికి రావడం, అప్పటికి నీళ్లు వేలు పెట్టగలిగేంత వేడిగా కూడా ఉండొచ్చు. తర్వాత అడుగునుంచి పెద్ద బుడగలు లేచి పైదాకా రాకుండానే మధ్యలో చితికిపోతాయి. ఎసరు ‘సుయ్’మని చప్పుడు చేసేది అప్పుడే, పైనున్న నీళ్లు ఇంకా చల్లగా ఉండి ఆవిరి బుడగల్ని అణిచేస్తుంటాయి. ఆ తర్వాత చప్పుడు మెత్తబడి, నీళ్లు సలసల మసులుతాయి. ఆ చప్పుడు మారడం విని వంటింట్లోంచి ముందు గదిలోకి “బియ్యం పొయ్యమ్మా” అని కేకేసేవాళ్లు ఉన్నారు. పదో తరగతి రికార్డులో ఈ మూడు దశల్లో ఒక్కటి కూడా కనపడదు. ‘నీరు మరిగినది’ అని ఒక ముక్క, అయిపోయింది.

ఇక కొవ్వొత్తి. దీని గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ప్లేటులో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లిస్తాం. కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ఎన్నో తరాల నుంచి పిల్లలు దీని కింద రాసే ‘పరిశీలన’ ఏంటంటే: గ్లాసులోని ఆక్సిజన్ ఖర్చైపోయింది, ఆ ఖాళీలోకి నీరు ఐదో వంతు ఎక్కింది, కాబట్టి గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు. అసలు ఆక్సిజన్‌ని ఎవరు చూశారు? అది ఆరిపోవడం చూశాం, నీళ్లెక్కడం చూశాం. ఆక్సిజన్ అయిపోయిందన్నది మనం అనుకున్నది. దాన్ని పరిశీలన గడిలో రాసేస్తే ఇక ప్రశ్నించడానికి ఏం మిగల్లేదు.

ఈ ప్రయోగాన్ని ఇంట్లో చేయండి, కాకపోతే నీళ్లలో కాస్త ఇంకు కలపండి, గ్లాసుకి బయట నీటిమట్టం దగ్గర ఒక రబ్బరు బ్యాండు వేయండి, ఫోన్లో వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూడండి. గ్లాసు బోర్లించే క్షణంలో అంచు కింద నుంచి బుడగలు బయటికి పోతాయి. కొవ్వొత్తి మండుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు. మంట చిన్నబడి, ఆరిపోతుండగా, ఆరాక, అప్పుడు ఒక్కసారిగా జర్రున పైకి లేస్తాయి. ఆక్సిజన్ ఖర్చవడం వల్లే ఎక్కేట్టయితే మండుతున్నంతసేపూ కొంచెం కొంచెంగా ఎక్కాలి కదా, ఆరాక ఎందుకు పరిగెత్తాయి? ఎందుకంటే ప్రధానంగా జరిగింది వేరే. మంట వేడికి గ్లాసులో గాలి వ్యాకోచించి కొంత బయటికి పోయింది (బుడగలు గుర్తున్నాయా), మంట ఆరగానే మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంది, బయటి గాలి పీడనం నీళ్లను లోపలికి తోసింది. పైగా ఆక్సిజన్ పోయిన చోట కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడుతున్నాయి, ఖాళీ అలా ఊరికే ఉండిపోదు. గ్లాసులో ఆక్సిజన్ మొత్తం అయిపోయాక మంట ఆరుతుందన్నదీ నిజం కాదు, చాలాభాగం ఇంకా మిగిలి ఉండగానే ఆరిపోతుంది. అనుమానం ఉంటే అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టండి. గ్లాసులో ఆక్సిజన్ అంతే ఉంది, నీళ్లు మాత్రం ఇంకా ఎక్కువ ఎక్కుతాయి. ఐదో వంతు లెక్క అక్కడే తేలిపోతుంది.

మా క్లాసులో ఈ ప్రయోగం చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు “టీచర్, ఆరిపోయాకే ఎక్కినయ్” అంటారు. నేను చెప్పక్కర్లేదు, వాళ్లకు కనిపిస్తుంది. ఆ మాట అన్న పిల్లే పది నిమిషాల తర్వాత రికార్డులో ‘కొవ్వొత్తి మండుతుండగా నీటిమట్టం క్రమంగా పెరిగినది’ అని చక్కటి దస్తూరీతో రాస్తుంది. నోటితో ఒకటి, పెన్నుతో ఒకటి. ఆ రెండింటి మధ్య దూరమే మన సైన్స్ చదువుకు పట్టిన జబ్బు అని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు.

ఇంటర్‌కి వెళ్లేసరికి ఇది ఒక విద్యగా ముదురుతుంది. లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కోమంటే 980 (సెం.మీ./సె²) రావాలని ముందే తెలుసు, కాబట్టి అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి డోలనాలకు ఎంత టైమ్ పట్టాలో తేలుస్తారు, మరీ సరిగ్గా ఉంటే బాగుండదని చివర్లో ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ చేస్తారు. సాల్ట్ అనాలసిస్ అయితే ఇచ్చిన ఉప్పేంటో ల్యాబ్‌లో గుసగుసగా తెలిసిపోయాకే టెస్టులు రాయడం మొదలవుతుంది, పుట్టని అవక్షేపాలు కూడా తెల్లగా అడుగున పేరుకుంటాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. తమాషా ఏంటంటే హైదరాబాద్‌లో ఆ గురుత్వ త్వరణం విలువ నిజానికి 978 చిల్లర. ఓపిగ్గా, నిజాయితీగా చేసి 978 తెచ్చినవాడు ‘పర్లేదు, దగ్గరికొచ్చింది’ అనిపించుకుంటాడు, 980 అని వండినవాడికి ఫుల్ మార్కులు.

అంకెలు కొంచెం అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు కదా అనేవాళ్లకు ఒక కథ చెప్పాలి. 1785లో ఇంగ్లండ్‌లో హెన్రీ కావెండిష్ అనే ఆయన గాలిలోకి కరెంటు నిప్పురవ్వలు పంపి, అందులో నైట్రోజన్ అంతటినీ వేరే పదార్థంగా మార్చి పీల్చేయించాలని కూర్చున్నాడు. ఎంత చేసినా చివర్లో ఒక చిన్న బుడగ మిగిలిపోయింది. మొత్తంలో 120వ వంతుకు మించదని ఆయన లెక్క. దాన్ని ఏం చేయాలో ఆయనకు తెలీదు, పొరపాటు అనుకుని వదిలేయొచ్చు, కానీ కాగితం మీద పెట్టాడు. నూరేళ్లు దాటాక లార్డ్ రేలీ నైట్రోజన్ సాంద్రత కొలుస్తుంటే, గాలిలోంచి తీసిన నైట్రోజన్ రసాయనాల్లోంచి తయారుచేసిన నైట్రోజన్ కంటే అర శాతం బరువుగా తేలింది. అర శాతం! మన రికార్డుల్లో అయితే ఆ తేడా రాత్రికి రాత్రే మాయమయ్యేది. ఆయన మళ్లీ మళ్లీ కొలిచి, తేడా పోకపోతే 1892లో పత్రికకు ఉత్తరం రాసి ఎవరైనా కారణం చెప్పగలరా అని అడిగాడు. 1894కి ఆయనా విలియం రామ్సే కలిసి తేల్చిందేమిటంటే గాలిలో దాదాపు ఒక శాతం దాకా ఉండి, దేనితోనూ కలవకుండా, అన్నాళ్లూ ఎవరికీ దొరకని వాయువు ఒకటుంది. అదే ఆర్గాన్. 1904లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది, రేలీకి ఫిజిక్స్‌లో, రామ్సేకి కెమిస్ట్రీలో. కావెండిష్ బుడగ కూడా ముఖ్యంగా అదే.

అదే రేలీ సముద్రం నీలంగా ఎందుకుంటుందంటే ఆకాశపు నీలం నీళ్లలో ప్రతిఫలిస్తోంది, నీటి రంగుకు దాంతో పనిలేదు అన్నాడు. అంత పెద్దాయన చెప్పాక ఇంకేముంది, అందరూ సరే అన్నారు. 1921లో మన సి.వి. రామన్ ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగొస్తూ మధ్యధరా సముద్రం దగ్గర డెక్ మీద నిలబడి దాన్ని పరీక్షకు పెట్టాడు. (చిన్నప్పుడు విశాఖలో పెరిగిన మనిషి, సముద్రం ఆయనకు కొత్తేం కాదు.) జేబులో ఉన్న నికోల్ పట్టకంలోంచి సరైన కోణంలో చూస్తే నీటి పైన పడి ప్రతిఫలించే వెలుగు దాదాపు ఆగిపోతుంది. రేలీ అన్నదే నిజమైతే నీలం కూడా పోవాలి. పోలేదు, ఇంకా చిక్కబడింది. అంటే నీలం నీళ్ల లోపలి నుంచే వస్తోంది, నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయి అని ఆయన తేల్చాడు. ఆ ఆలోచన పట్టుకుని వెళ్లగా వెళ్లగా 1928 ఫిబ్రవరి 28 వచ్చింది, మనం ఏటా బడుల్లో సైన్స్ డే చేసి చార్టులు అతికించే రోజు.

ఇక్కడ నాకు నచ్చేది ఆ నికోల్ పట్టకం. రామన్ ఊరికే సముద్రాన్ని చూస్తూ కూర్చోలేదు. ఓడలో మిగతావాళ్లు కూడా చూశారు, బాగుందనుకున్నారు, భోజనానికి వెళ్లారు. ఈయన ‘ఫలానా మాట నిజమైతే నాకు ఇది కనిపించాలి, కాకపోతే అది కనిపించాలి’ అని ముందే పెట్టుకుని చూశాడు. కాబట్టి ఏమీ తెలియకుండా, ఏమీ అనుకోకుండా, ఖాళీ బుర్రతో చూడటమే అసలైన పరిశీలన అనే వాదన కూడా నాకు మింగుడుపడదు. “జాగ్రత్తగా చూడండి” అని పిల్లలకు చెప్పడం ఏమీ చెప్పనట్టే. దేనికోసం చూడాలి?

ఉల్లిపొర ప్రయోగం చేసిన ఎవరికైనా ఇది తెలుస్తుంది. మైక్రోస్కోపులో మొదటిసారి కన్ను పెట్టిన పిల్లలకు ముందు కనపడేది తమ కనురెప్ప వెంట్రుకలు. తర్వాత నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా ఒకటి కనిపిస్తుంది, “కణం! కణం!” అని అరుస్తారు, అది కవర్ స్లిప్ కింద ఇరుక్కున్న గాలి బుడగ. అసలు కణాల గోడలు పల్చగా, ఇటుకల వరసల్లా ఉంటాయి, రంగు వేయకపోతే వాటి మీదికి కన్ను పోనే పోదు. “అంచు ఎంత మందంగా ఉంది? పక్కదానికి ఆనుకుని ఉందా, విడిగా తేలుతోందా? స్లిప్‌ని సూదితో కొంచెం నొక్కితే కదులుతోందా?” అని అడిగితే అప్పుడు రెండింటికీ తేడా పట్టుకుంటారు. ఇది కాపీ కొట్టించడం కాదు, కంటికి దారి చూపించడం. కానీ మన దగ్గర జరిగేది ఏంటంటే ఐదు నిమిషాల్లో లైనుగా అందరూ ఒక కన్ను మూసి చూసి వెళ్లిపోతారు, బొమ్మ మాత్రం పుస్తకంలోదే వేస్తారు, కేంద్రకం ప్రతి కణంలోనూ సరిగ్గా అదే చోట చుక్కలా. మైక్రోస్కోపులో ఆ రోజు దీపం వెలిగిందో లేదో కూడా ఆ బొమ్మ చూసి చెప్పలేం.

మందారం కథ ఇంకా చిత్రం. పువ్వు భాగాలు గీయడానికి మందారం తెమ్మంటే సగంమంది ముద్దమందారం తెస్తారు, ఇళ్ల ముందు అదే ఎక్కువ కదా. దానికి రేకులు కుప్పలు తెప్పలుగా ఉంటాయి, కేసరాలు కొన్ని రేకులుగా మారిపోయి ఉంటాయి, సగం రేకు సగం కేసరం లాంటివి కూడా దొరుకుతాయి, చూస్తే భలే ఉంటుంది. ఆ పువ్వును బ్లేడుతో కోసి, ముక్కలు బల్ల మీద పరిచి, దాన్నే చూస్తూ రికార్డులో ‘ఆకర్షణ పత్రాలు – 5’ అని రాస్తారు. అబద్ధం రాస్తున్నామన్న ఫీలింగ్ కూడా ఉండదు. మందారం అంటే ఐదు రేకులు, అంతే. పాఠ్యపుస్తకాల్లో ‘మీ చుట్టుపక్కల గమనించి పట్టిక నింపండి’ అని ఖాళీ గడులిచ్చింది మంచి ఉద్దేశంతోనే, కానీ గైడుల్లో ఆ గడులు కూడా నిండే ఉంటాయి. మా వీధిలో ఏ చెట్లున్నాయో ఎక్కడో కూర్చున్న గైడు రాసినాయనకు తెలుసు.

టీచర్లను తిట్టి ఊరుకుంటే సరిపోదు. నలభై ఐదు నిమిషాల పీరియడ్, యాభై అరవై మంది పిల్లలు, పనిచేసే థర్మామీటర్లు రెండో మూడో, సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని వాట్సాప్ గ్రూపులో మెసేజీలు, రికార్డులు కంప్లీట్ అయ్యాయా లేదా అన్నదే చూసే తనిఖీలు. 98 అని రాయిస్తే, పరీక్షలో అదే ప్రశ్న వస్తే పిల్ల 98 అని రాసి మార్కు పోగొట్టుకుంటుందేమోనన్న టెన్షన్ కూడా ఉంటుంది, అది ఉత్తుత్తి భయమేం కాదు. అసలు తాళం చెవి అక్కడుంది. పరీక్షలో దేనికి మార్కులిస్తామో పిల్లలు దాన్నే నేర్చుకుంటారు.

ఇది మార్చడం కుదరదా అంటే, మన దేశంలోనే ఒకచోట చాలాకాలం కుదిరింది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు ప్రభుత్వ బడుల్లో ఒక కార్యక్రమం మొదలైంది, కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు కలిసి పెట్టినది. 1978కి జిల్లా అంతటికీ పాకింది, తర్వాత ఏకలవ్య సంస్థ చేతికొచ్చింది. అక్కడ ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలు ప్రయోగం చేసి, తమకొచ్చిన ఫలితాలను క్లాసులో అందరూ కలిసి మాట్లాడుకుని, జవాబు నోట్సులో సొంతంగా రాసుకునేవాళ్లు. పరీక్షకు పుస్తకాలు, నోట్సులు పక్కన పెట్టుకుని కూర్చోనిచ్చేవాళ్లు, ప్రాక్టికల్ కూడా ఉండేది. పుస్తకం చూసి రాయొచ్చన్నప్పుడు బట్టీకి విలువ ఉండదు కదా, అడిగే ప్రశ్నలే వేరే రకంగా ఉండాలి. ముప్పై ఏళ్లు నడిచింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. అది మన దగ్గర ఇవాళే వస్తుందని నేనేం కలలు కనట్లేదు.

మా క్లాసులో నేను చేయగలిగింది చిన్నదే. రికార్డులోకి ఎక్కే ముందు రఫ్ నోట్సులో పేజీ మధ్యలో గీత గీయిస్తాను, ఎడమ పక్క ‘చూసింది’, కుడి పక్క ‘అనుకున్నది’. ‘బుడగలు వచ్చాయి’ ఎడమ పక్క, ‘గాలి బయటికి పోయింది’ కుడి పక్క. మొదట్లో ప్రతి వాక్యానికీ తగువే: “తియ్యటి వాసన వచ్చింది” ఎటు రాయాలి, “వేడెక్కింది” ఎటు రాయాలి. ఆ తగువులు నాకు పాఠం కంటే బాగుంటాయి. ఆ పేజీలో రబ్బరు వాడకూడదు, కొట్టేయాలనుకుంటే ఒక్క గీతతో కొట్టేయాలి, కింద ఉన్నది చదవగలిగేలా. ఇక నీళ్లు మరిగించిన రోజు గ్రూపులన్నిటి రీడింగులూ బోర్డు మీద రాస్తాను. 98, 97.5, 98, 99, ఒకళ్లది 94. 94 వచ్చినవాళ్లను ఎవరూ నవ్వకూడదని ముందే చెప్తాను, వాళ్లనే అడుగుతాం ఎలా పెట్టారని. మాట్లాడితే తేలుతుంది, నీళ్లు ఆవిరై మట్టం తగ్గి బల్బు సగం బయటికొచ్చింది, ఎవరూ గమనించలేదు. ఆ 94 వల్ల ఆ రోజు థర్మామీటర్ ఎలా పెట్టాలో మొత్తం క్లాసుకు తెలిసింది. అసలు రికార్డులో మాత్రం 98 రాసి, బ్రాకెట్లో ‘హైదరాబాద్‌లో, సముద్ర మట్టం దగ్గర 100’ అని రాయిస్తాను. పరీక్షలో ఇబ్బంది లేదు, అబద్ధమూ లేదు.

గైడులో దొరకని పని ఒకటి ఇవ్వాలనుకుంటే నీడను మించింది లేదు, ఖర్చు కూడా లేదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడని, పన్నెండింటికి నీడ ఉండదని చిన్నప్పటి నుంచి అంటూనే ఉంటాం. హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండు రోజులే, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. అది కూడా పన్నెండింటికి కాదు, మేలో సుమారు 12:12కి. మన గడియారం నడిచేది కాకినాడ దగ్గర్లోంచి పోయే రేఖ లెక్కన, మనం దానికి పడమర ఉన్నాం. ఫిబ్రవరిలో అయితే ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర దాకా కాదు. తూర్పున ఉదయిస్తాడన్నదీ అంతే, డిసెంబర్‌లో మేడెక్కి చూస్తే తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి లేస్తుంటాడు, జూన్‌లో అంతే ఉత్తరానికి.

చిక్కేంటంటే మే 9న బడికి సెలవులు, ఆగస్టు 3న మబ్బులు. కాబట్టి నేను జూన్‌లో బడి తెరవగానే మొదలుపెడతాను. ఏడాదిలో ఎక్కువ భాగం మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది, ఆ రెండు తేదీల మధ్య మాత్రం దక్షిణానికి పడుతుంది. జూన్ 21 ప్రాంతంలో ఎండ కాస్తే గ్రౌండులో మీటరు కర్ర నిలబెట్టి పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా ఐదు నిమిషాలకోసారి నీడ చివర సుద్దముక్కతో గుర్తు పెట్టించండి, అన్నిటికంటే చిన్న నీడ పది సెంటీమీటర్ల చిల్లర ఉంటుంది, దక్షిణం వైపు. ఒక్క జాగ్రత్త, దారానికి రాయి కట్టి వేలాడదీసి కర్ర నిటారుగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. సూర్యుడు నడినెత్తి నుంచి జరిగేదే ఆ రోజు ఆరు డిగ్రీలు, కర్ర ఉత్తరం వైపు అంతకంటే ఎక్కువ ఒరిగిందంటే నీడ ఉత్తరానికే పడుతుంది, పిల్లలు అదే రాస్తారు.